తిన్నె మీద ఫ్రెంచి పాఠం

నేను ఫ్రెంచి నేర్చుకున్నది ఆ భాష మీద ప్రేమతో కాదు, తెలుగు ఛందస్సు మీద భయంతో. పదో తరగతిలో మా అయ్యవారు బోర్డు మీద పద్యం రాసి గురువులూ లఘువులూ గుర్తించమంటే నాకు చెమటలు పట్టేవి. నేనెలా గుర్తించినా చివర ఒక అక్షరం ఏ గణానికీ చెందకుండా మిగిలిపోయేది. డెబ్బైలలో తిరుపతిలో ఇంటర్‌లో చేరిన రోజు, రెండో భాషగా ఫ్రెంచి కూడా తీసుకోవచ్చని పై తరగతి అమ్మాయి ఒకతె చెప్పింది. "ఆ పేపర్లు దిద్దేవాళ్ళు యాడో దూరాన ఉంటారంట, మార్కులు దండిగా ఏస్తారంట" అని ఊరించింది. వెనకా ముందూ చూడకుండా ఫారంలో ఫ్రెంచి అని రాసేశాను. కాలేజీలో ఆ భాష చెప్పే లెక్చరరే లేడని, ఎవరి తిప్పలు వాళ్ళు పడి బయట నేర్చుకోవాలని వారం తర్వాత తెలిసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని.

ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు భయపడ్డాను. మా నాయనకు గోవిందరాజస్వామి గుడి వీధిలో అంగడి ఉండేది. పసుపు, కుంకుమ, కర్పూరం, అగరొత్తులు, ఇత్తడి దీపాలు అమ్మేవాడు. కొండకు పోయి దిగి వచ్చినవాళ్ళు ఇంటికి తీసుకుపోవడానికి ఏదో ఒకటి కొంటారు. తమిళులతో తమిళం, కన్నడిగులతో కన్నడం, మరాఠీవాళ్ళతో మరాఠీ, ఉత్తరాదివాళ్ళతో హిందీ, అన్నీ మాట్లాడేవాడు. ఆ వీధిలో అంగడి ఉన్న ప్రతివాడూ అంతే. అయితే తక్కినవాళ్ళు బేరం తెగేంతవరకే నేర్చుకునేవాళ్ళు. నాయన అక్కడ ఆగేవాడు కాదు. కొన్నవాళ్ళను కూర్చోబెట్టి, మీ ఊళ్ళో వానలు పడినాయా, మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని వాళ్ళ మాటలోనే అడిగేవాడు. వాళ్ళు చెప్పే జవాబులోంచి ఇంకో నాలుగు ముక్కలు పట్టుకునేవాడు.

ఆయన నాలుగో తరగతిలో ఉండగా మా తాత పోయాడు. పెద్దకర్మ అయిన మరుసటి రోజే ఆయనను బడి మాన్పించి అంగట్లో కూర్చోబెట్టారు. ఈ సంగతి ఆయన ఎప్పుడూ నవ్వుతూనే చెప్పేవాడు. కానీ వీధిలో బడిపిల్లలు పుస్తకాలు పట్టుకొని పోతుంటే తూకం వేస్తున్నవాడు కూడా ఒక్క నిమిషం ఆగి చూసేవాడు. ఆయనకు చదువంటే ఆకలి. మా ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసీ ఎవరం పట్టించుకోలేదు.

ఫ్రెంచి సంగతి చెప్పగానే తిడతాడనుకున్నాను. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకొని, "అది యా దేశమోళ్ళ మాట మ్మా?" అని అడిగాడు. చెప్పాను. "అంత దూరం మాట మన ఊర్లో ఎవురికి వస్తాదో కనుక్కుందాం ఉండు" అన్నాడు. మూడో రోజుకల్లా కనుక్కున్నాడు.

ఆమెది యానాం. ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో పుట్టి వాళ్ళ బళ్ళోనే చదువుకుంది. భర్త రేణిగుంట రైల్వేలో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. పగలు ఒక చిన్న బళ్ళో పాఠాలు చెప్పేది, సాయంత్రాలు ఎవరైనా అడిగితే ఫ్రెంచి చెప్పేది. నలభై అయిదేళ్ళుంటాయేమో, నాయనకంటే ఆరేడేళ్ళు చిన్న. గోడ మీద ఏసుప్రభువు పటం, దాని కింద భర్త ఫోటో, బల్ల మీద అట్ట ఊడిన డిక్షనరీ. ఇల్లంతా కలిపి ఒక గది, వెనక వంటకు ఒక మూల.

మొదటి రోజు నాయన నన్ను తీసుకుపోయాడు. ట్యూషన్ ఆరు నుంచి ఏడు. తిరిగి వచ్చేటప్పటికి చీకటి పడుతుంది, ఆడపిల్లను ఒంటరిగా పంపే రోజులు కావవి. ఆమె గుమ్మంలోకి వచ్చి, "రండి రండి, లోపలికి వచ్చి కూర్చోండి. మంచినీళ్ళు పుచ్చుకుంటారా అండీ?" అంది. మా వైపు "రాప్పా, కూసోప్పా" అంటే అదే పెద్ద మర్యాద. ఇన్ని అండీలు విని నాయన తన వెనక ఎవరో పెద్దమనిషి వచ్చాడేమోనని తిరిగి చూశాడు. నాకు నవ్వు ఆగలేదు.

లోపలికి మాత్రం ఆయన రాలేదు. మగదిక్కు లేని ఇంట్లోకి పరాయి మగవాడు పోకూడదన్నది ఆయన లెక్క. బయట వీధి తిన్నె మీద, కిటికీకి పక్కగా కూర్చున్నాడు. ఆ గంటసేపూ కదల్లేదు. పక్కవాళ్ళు చూసినా, ఆడబిడ్డ తండ్రి కాపలా కూర్చున్నాడని ఊరుకుంటారు.

నెల తిరగకుండానే నాకు ఆ భాష మీద విరక్తి పుట్టింది. రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి. అంకెలు మరీ ఘోరం. అరవై దాకా బుద్ధిగా వచ్చి, అక్కడి నుంచి దారి తప్పేవి. డెబ్బైకి అరవై-పది అనాలి. ఎనభైకి నాలుగు ఇరవైలు అనాలి. తొంభైకి నాలుగు ఇరవైలూ పదీ అనాలి. ఒకరోజు ఆమె తొంభై చెప్పమంటే నేను నోరు తెరుచుకొని పైకప్పు చూస్తున్నాను. ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగేలోపల కిటికీ అవతల నుంచి, "కాత్ర్ వాఁ దిస్" అని వినబడింది.

ఆమె ఉలిక్కిపడి లేచి గుమ్మంలోకి వెళ్ళింది. నాయన దొంగతనం చేస్తూ దొరికినట్టు లేచి నిలబడ్డాడు.

"తప్పైపోయింది మ్మా. నోరు జారింది" అన్నాడు.

"తప్పేవిటండీ! సరిగ్గా చెప్పారు. మీకెలా వచ్చిందండీ?"

"మీరు సెప్తా ఉంటే ఇన్నాను కదా. మా అవ్వ గూడా ఇట్లే ఇరవైలతోనే ఎంచేది మ్మా. మూడిరవైల ఐదు, నాలుగిరవైల పది అని. ఆయమ్మ పోయినాక మళ్ళా ఎవురి నోటా ఇనలేదు. మీ తెల్లోళ్ళు గూడా అట్లే అంటారని నాకేం తెలుసు?"

ఆమె నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. నెల రోజుల్లో నేను ఒక్కసారి కూడా ఆమెను అలా నవ్వించలేకపోయాను.

మరుసటి రోజు నుంచి ఆమె తన కుర్చీని గుమ్మంలోకి జరుపుకుంది. గడపకు ఇవతల నేను చాప మీద, గడప దగ్గర ఆమె, అవతల తిన్నె మీద నాయన. ఆయన గడప దాటింది లేదు, ఆమె రమ్మని మళ్ళీ అడిగిందీ లేదు. పాఠం మాత్రం రెండు వైపులా పోయేది.

నాయన భాష నేర్చుకునే పద్ధతి అంగట్లో పుట్టింది. మొదట అంకెలు, ఆ తర్వాత చుట్టరికాలు, ఆ తర్వాతే వస్తువులు. మేనమామను ఏమంటారు, వదినను ఏమంటారు అని అడిగేవాడు. అత్తకూ పిన్నికీ పెద్దమ్మకూ ఒకే మాటని తెలిసి, "ఇంత పెద్ద దేశంలో సుట్టాలకు ఇంత కరువా మ్మా!" అని బాధపడ్డాడు. ఆమె చెప్పినదంతా అంగడి నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. ఉదయం ముగ్గు వేస్తున్న మా అమ్మను పక్కకు జరగమని ఫ్రెంచిలో చెప్పేవాడు. అమ్మ జరక్కుండా, "మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఈ మానును సూడండి, పూటకొక పక్క వంగతా ఉండాది" అనేది. అంటూనే సాయంత్రం ఆమెకు ఇమ్మని చింతకాయ తొక్కు గిన్నెలో పెట్టి ఇచ్చేది.

ఆమె కూడా మారింది. మొదట్లో గంట కొట్టినట్టు ఏడుకు పాఠం ఆపేది. తర్వాత ఏడుంబావు అయ్యేది. నాకు వ్యాసం రాయమని చెప్పి, గుమ్మంలో కూర్చొని నాయనతో మాట్లాడేది. ఆ వేళ బళ్ళో ఏం జరిగింది, యానాంలో గోదావరి ఎలా ఉంటుంది, రొట్టె ఎలా కాల్చేవాళ్ళు. సగం ఫ్రెంచి, సగం తెలుగు. నాయన తప్పుల మీద తప్పులు చేసేవాడు. తప్పు చేసినప్పుడు నాలాగా సిగ్గుపడి నోరు మూసుకునేవాడు కాదు. బేరంలో మెట్టు దిగినట్టు ఒక మాట వదిలి ఇంకో మాట అందుకునేవాడు. ఆమె దిద్దేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు.

నేను ఒప్పుకోవలసిన సంగతి ఇది. నాకు ఒళ్ళు మండేది. పదహారేళ్ళ వయసు, ముక్కు మీద కోపం. పరీక్ష నాది, చదువు నాది. నాలుగో తరగతి చదివిన మా నాయన నాకంటే బాగా మాట్లాడడం ఒక కష్టమైతే, ఆమె ఆయన మాట కోసం ఎదురుచూడడం ఇంకో కష్టం. ఇది చాలదని, అదే ట్యూషన్‌కు మా కాలేజీ అమ్మాయి ఒకతె కొత్తగా చేరింది. నాలుగు రోజులు చూసి, కాలేజీలో అందరి ముందూ, "ఈసారి ఫ్రెంచి పరీక్షకు ఒక ముసిలాయన గూడా వస్తాడు, పెన్సిలు చెక్కి పంపండే" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టు నటించాను.

ఆ సాయంత్రం తిరిగి వస్తూ అనేశాను.

"రేపట్నించి నువ్వు ఆ తిన్నె మీద కూసోవద్దు నాయనా. వీధి మలుపు కాడ ఉండు. పాఠం అయినాక నేనే వస్తా."

"ఏమ్మా?"

"నా సదువు సాగలేదు. ఆయమ్మ నీతో మాట్లాడేదానికే సరిపోతా ఉండాది. పరీక్ష రాసేది నేనా, నువ్వా?"

ఆయన నాలుగడుగులు నడిచాడు. "నువ్వేమ్మా. నువ్వే గదా రాసేది" అన్నాడు. రోజూ దారిలో ఆ పూట నేర్చుకున్నది నాకు అప్పజెప్పేవాడు. ఆ రోజు వీధిలో మా చెప్పుల చప్పుడే వినబడింది.

మరుసటి రోజు మలుపు దగ్గర సైకిల్ అంగడి ముందు ఆగిపోయాడు. "పో మ్మా, ఆలీసం అవతాది" అన్నాడు. ఆమె గుమ్మంలో కుర్చీ వేసుకొని కూర్చొని ఉంది. నా వెనక చూసింది.

"నాన్నగారు రాలేదా అమ్మాయ్?"

"అంగట్లో పని ఎక్కువగా ఉండాది మేడం" అన్నాను.

రెండో రోజూ అడిగింది. మూడో రోజూ అడిగింది. వారం తర్వాత అడగలేదు. కుర్చీని గుమ్మంలోంచి తీసి మళ్ళీ బల్ల దగ్గర వేసుకుంది. అప్పటి నుంచి పాఠం బ్రహ్మాండంగా సాగింది. క్రియలు, వ్యాసాలు, పాత ప్రశ్నపత్రాలు. ఏడు కొట్టగానే పుస్తకం మూసేది. నేను కోరుకున్నది అదే. అయినా ఏడు ఎప్పుడు కొడుతుందా అని చూసేదాన్ని. ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు మరో పేజీ తిప్పేదాన్ని.

ఒకరోజు నేను మలుపుకు చేరేసరికి నాయన బీడా కోసం పక్కకు పోయినట్టున్నాడు. సైకిల్ అంగడాయన నన్ను దగ్గరకు పిలిచాడు.

"పాపా, ఒక మాట. మీ నాయనకు ఒంట్లో బాగుండాదా?"

"బాగుండాదే. ఏమన్నా?"

"రోజూ ఈడ నిలబడి ఆ గోడ తట్టు తిరిగి ఏందేందో గొణుక్కుంటా ఉంటాడు పాపా. మన మాట కాదు, అరవం కాదు. ఏమన్నా గాలి సోకిందేమో, యాడన్నా తాయెత్తు కట్టించండి."

నాకు నవ్వు రాలేదు. ఆయన పాత పాఠాలన్నీ మరిచిపోకుండా తనకు తానే అప్పజెప్పుకుంటున్నాడు. గోడకు చెబుతున్నాడు. నాయన తిరిగి వచ్చాక అడుగుదామనుకున్నాను. అడగకుండానే ఇంటి దారి పట్టాను. అడిగితే నా తప్పు నేను ఒప్పుకోవాలి కదా.

అలా మూడు నెలలు గడిచాయి. కార్తీకంలో ఒక సాయంత్రం కుండపోతగా వాన పట్టుకుంది. ఏడైనా తగ్గలేదు. రెండో అమ్మాయి ఆ రోజు రాలేదు. ఎంతసేపని కూర్చుంటాను? పోతానన్నాను. "ఒంటరిగా ఎలా వెళ్తావమ్మా, మీ ఇంటిదాకా నేను దిగబెడతాను" అని ఆమె గొడుగు తీసింది. వద్దంటే వినలేదు. ఇద్దరం ఒకే గొడుగులో మలుపు దాకా వచ్చాం. సైకిల్ అంగడి మూసేశారు. దాని రేకు చూరు కింద నాయన గోడకు అతుక్కొని నిలబడి ఉన్నాడు. తువ్వాలు తల మీద వేసుకున్నాడు, పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది. ఆమెను చూడగానే కాలుతున్న బీడీ కింద పడేసి చేతులు కట్టుకున్నాడు.

ఆమె గొడుగు కిందే నా వైపు తిరిగింది. నెమ్మదిగా, ఆయనకు వినబడకుండా మాట్లాడింది.

"రోజూ ఇక్కడే నిలబడుతున్నారా?"

తల ఊపాను.

"నేను మావారితో ఎప్పుడు పోట్లాడినా ఫ్రెంచిలోనే పోట్లాడేదాన్నమ్మా, పక్కింటివాళ్ళకు అర్థం కాకుండా. ఆయన పోయాక ఆ భాషలో నాకు ఎదురు మాట చెప్పేవాళ్ళే లేకపోయారు. మీరంతా రాస్తారు, పాసవుతారు, వెళ్ళిపోతారు. మీ నాన్నగారు మాట్లాడతారు. ఈ ఊరు మొత్తానికి నాకున్నది ఆ ఒక్క మనిషి. ఆయన్ని నువ్వు తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టావు."

ఆమె కోప్పడి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆమె గొంతులో కోపం లేదు. నేను ఏడ్చాను. వాన నీళ్ళేవో కన్నీళ్ళేవో తెలియనంతగా ఏడ్చాను. ఒక ముష్టి మాటకు, నలుగురు పిల్లలు నవ్వినందుకు, ఇద్దరు మనుషుల నోటి దగ్గర కూడు లాగేశానని అప్పటికి గానీ అర్థం కాలేదు.

గొడుగులోంచి పరిగెత్తి నాయన చెయ్యి పట్టుకున్నాను. "రా నాయనా, ఇంట్లోకి కాదు, తిన్నె మీదికి రా" అన్నాను. "ఇప్పుడేంది మ్మా, పొద్దుపోయింది. నీ సదువు పాడవతాది, వద్దులే" అన్నాడు. చెయ్యి విడిపించుకోబోయాడు. నేను వదల్లేదు.

అప్పుడు ఆమె గొడుగు కొంచెం పైకెత్తి, బళ్ళో అయ్యవారమ్మ ఎలా గద్దిస్తుందో అలా, ఫ్రెంచిలో ఆయనను గద్దించింది. ఇన్ని రోజులు పాఠానికి ఎందుకు రాలేదు అని.

నాయన తల వంచుకున్నాడు. కాలి బొటనవేలితో నేల రాశాడు. వెతుక్కొని వెతుక్కొని ఫ్రెంచిలోనే జవాబు చెప్పాడు. "వాన పడింది, మేడం."

మూడు నెలల గైర్హాజరుకు ఒక్క సాయంత్రం వాన. ఆమె పకపకా నవ్వింది. "రేపటి నుంచి వాన పడినా రావాలి" అంది. నన్ను గురించి ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. ఆ రోజే కాదు, బతికినన్నాళ్ళూ చెప్పలేదు.

మర్నాడు కుర్చీ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. కాలేజీలో ఆ అమ్మాయి ఇంకోసారి నోరు జారితే, "మా నాయనతో పోటీ పడి ఒక వాక్యం తప్పు లేకుండా చెప్పు, అప్పుడు నవ్వు" అన్నాను. నా ముక్కు మీది కోపం జీవితంలో మొదటిసారి సరైన చోట పనికొచ్చింది.

ఇంటర్ పాసయ్యాను. ఫ్రెంచిలో మంచి మార్కులే వచ్చాయి. డిగ్రీలో చేరేటప్పుడు ఛందస్సు లేని మామూలు తెలుగు తీసుకోవచ్చని చెప్పారు. నేను మళ్ళీ ఫ్రెంచే రాశాను. నా ట్యూషన్ ఆగిపోతే ఆయన ఏ ముఖం పెట్టుకొని ఆ వీధికి పోతాడు? ఒంటరి ఆడమనిషి ఇంటికి సాయంత్రం పూట మగవాడు ఒక్కడే పోతే ఊరు ఏమంటుందో అందరికీ తెలుసు. ఆ మూడేళ్ళూ నేను లోపల కూర్చొని నా వ్యాసాలు రాసుకునేదాన్ని. వాళ్ళిద్దరూ గుమ్మానికి చెరో పక్క మాట్లాడుకునేవాళ్ళు. నేను ఎందుకు ఫ్రెంచి తీసుకున్నానో నాయనకు తెలుసు. ఒకసారి దారిలో, "నీకు ఇష్టం లేకపోయినా వస్తా ఉండావు గదా మ్మా" అన్నాడు. "ఇష్టమే" అన్నాను. అప్పటికి అది నిజమే అయింది.

డిగ్రీ అయ్యాక చిత్తూరులో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి పూతలపట్టు మీదుగా ఇంటికి వచ్చేదాన్ని. మొదటి శనివారం వచ్చి, పాఠం ఎలా ఉందని అడిగాను. వారమంతా పోలేదన్నాడు. "ఒంటిగా పోతే ఏం బాగుంటాది మ్మా. ఆయమ్మకు మాట రాకూడదు" అన్నాడు. మా అమ్మ పాపం తాను తోడుపోతానని ముందుకొచ్చింది. మూడు రోజులు పోయింది. మూడు రోజులూ గోడకు ఆనుకొని నిద్రపోయింది. నాలుగో రోజు, "నాకు నిద్రపట్టేదానికి అంత దూరం నడవాల్నా?" అని మానేసింది.

ఈసారి దారి కనిపెట్టింది నేను కాదు, నాయన కాదు. ఆమే.

మా వీధిలో అంగడివాడు ఎవరితో ఏ భాష మాట్లాడినా తల తిప్పి చూసేవాళ్ళు ఉండరు. ఒక రోజు సాయంత్రం బడి వదలగానే ఆమె గొడుగు పట్టుకొని తిన్నగా మా అంగడికి వచ్చింది. పట్టపగలు, వీధి నిండా జనం మధ్య, గల్లా ముందు నిలబడి, కర్పూరం కావాలని ఫ్రెంచిలో అడిగింది. నాయన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత స్టూలు తుడిచి వేశాడు. పొట్లం కట్టడానికి ఆయనకు ముప్పావు గంట పట్టింది. అప్పటి నుంచి వారానికి రెండు మూడు సార్లు వచ్చేది. ఏసుప్రభువును కొలిచే మనిషికి ఇంత కర్పూరం ఎందుకని పక్కన గాజుల అంగడాయనకు అనుమానం వచ్చి ఒకసారి అడిగేశాడట. "ఇంట్లో చీమలండీ" అందట ఆమె. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో చీమలు చావలేదు.

శనివారాల్లో నేనూ అంగట్లో కూర్చొని వినేదాన్ని. నాకు సగమే అర్థమయ్యేది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే నాయన, "ఏముండాది, ఆయమ్మకు ఈ నెల మోకాలు నొప్పి, నాకు పంటి నొప్పి" అనేవాడు. అంతే. వాళ్ళు మాట్లాడుకున్నవన్నీ అలాంటివే. బజారు మధ్య, పదిమంది వినేలా, ఎవరికీ అర్థం కాకుండా ఆ ఇద్దరూ తమ నొప్పులు చెప్పుకునేవాళ్ళు.

ఎనభైలలో ఆమె బడి మూతపడింది. కళ్ళు కూడా మసకబారాయి. యానాం నుంచి తమ్ముడి కొడుకు వచ్చాడు, తమతోపాటు తీసుకుపోవడానికి. రేణిగుంటలో రైలెక్కాలి. ఆ రోజు ఆదివారం, నేను నాయనతో అంగట్లోనే ఉన్నాను. పోతూ పోతూ ఆమె జట్కా మా అంగడి ముందు ఆపించింది. తమ్ముడి కొడుకు చెయ్యి పట్టుకొని దిగింది.

నాయన చెప్పవలసిన మాటలు పొద్దున్నుంచి తయారు చేసుకుంటున్నాడు. నాకు తెలుసు, గొణుక్కోవడం విన్నాను. ఆమె ఎదురుగా వచ్చి నిలబడేసరికి ఫ్రెంచి ముక్క ఒక్కటి బయటికి రాలేదు. తెలుగూ రాలేదు. గల్లా మీది చెయ్యి తీసి, చెప్పులు విడిచి, అంగడి మెట్లు దిగాడు. తలంతా నెరిసిన మనిషి, ఆ వీధిలో ముప్పై ఏళ్ళుగా అందరూ గౌరవించే మనిషి, జనం అటూ ఇటూ పోతున్న నడివీధిలో వంగి, తనకంటే చిన్నదైన ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"అయ్యో, ఏవిటండీ ఇది, లేవండి, లేవండి" అని ఆమె వెనక్కి జరిగింది. ఆయన లేవలేదు. ఆమె నిలబడి, మసక కళ్ళతో వెతుక్కొని, ఆయన తల మీద చెయ్యి పెట్టింది. ఫ్రెంచిలో ఏదో అంది. నాకు వినబడలేదు. వినాలని కూడా అనుకోలేదు.

జట్కా మలుపు తిరిగాక గాజుల అంగడాయన దగ్గరకొచ్చాడు. "ఏందప్పా ఇది? కర్పూరం కొనేదానికి వచ్చేది గదా ఆయమ్మ. కాళ్ళకు మొక్కుతావేంది? ఎవురు ఆయమ్మ?"

నాయన పంచెకు అంటిన దుమ్ము దులుపుకున్నాడు. "మా అయివారమ్మప్పా. నాకు సదువు సెప్పింది" అన్నాడు.

ఆయన నమ్మలేదు. "యాభై దాటినాక నీకు సదువా?" అని నవ్వబోయి, నిజం నువ్వు చెప్పమన్నట్టు నా వైపు చూశాడు. వీధిలో ఇంకో నలుగురు కూడా చూస్తున్నారు.

"నిజమే మామా" అన్నాను. "ఇద్దరం ఆయమ్మ కాడే సదువుకున్నాం. నాకంటే మా నాయనే బాగా సదివినాడు."